కదలికకు బొమ్మ, దూరానికి లెక్క

(ఆచార్య కల్యంపూడి రాధాకృష్ణారావు గారి స్మృతిలో చేసిన ఉపన్యాసానికి అచ్చుపాఠం)



సి. ఆర్. రావు గారి పేరు మీద మాట్లాడమంటే గణాంకశాస్త్రం గురించి మాట్లాడతారనే ఎవరైనా అనుకుంటారు. నేను బొమ్మల గురించి మాట్లాడబోతున్నాను. రైళ్ళ చార్టులు, దండయాత్రల పటాలు, స్నేహాల గీతలు, డబ్బు నడిచిన దారులు, జబ్బు పాకిన దారులు. కదిలేదాన్ని కాగితం మీదో తెర మీదో నిలబెట్టి చూపించాలని మనుషులు పడ్డ తాపత్రయం ఇదంతా. వీటికీ రావు గారికీ ఏమిటి చుట్టరికం అంటారా? చాలా దగ్గరి చుట్టరికమే ఉంది. కదలికకు బొమ్మ కట్టాలని కూర్చున్న ప్రతి మనిషీ ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి: ఈ బొమ్మలో దూరమంటే ఏమిటి? మైళ్ళా, గంటలా, ఇష్టమా, అప్పా? ఆ జవాబు కుదిరిన చోటే బొమ్మ కుదిరింది. రావు గారు యౌవనంలోనే పట్టుకున్న ప్రశ్న కూడా ఇదే.

ఆయన 1920 సెప్టెంబరు 10న హడగళిలో, తెలుగు ఇంట పుట్టారు. తండ్రి పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరు. అందువల్ల చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం చుట్టూ తిరిగింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళి, అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1941లో చేరారు. 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఆయన వ్యాసం ఒకటి వచ్చింది. ఇవాళ పాఠ్యపుస్తకాల్లో ఉన్న క్రామర్–రావు అసమీకరణం, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం రెండూ ఆ వ్యాసంలోవే. మూడోది ఒకటుంది. దాని లోతు లోకానికి తెలియడానికి దశాబ్దాలు పట్టింది. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఆ వ్యాసానికే ఇచ్చారు. అదే ఏడు ఆగస్టు 22న ఆయన వెళ్ళిపోయారు.

ఆ మూడో సంగతి దూరం గురించి. విత్తనాల లెక్కలో చెబుతాను. ఒక జత విత్తన రకాల మొలక శాతాలు 50, 51. ఇంకో జతవి 98, 99. రెండు జతల్లోనూ తేడా ఒక్క శాతమే కదా. కానీ రైతునడగండి. మొదటి జతలో వందకు 50 గింజలు పోయేచోట 49 పోతాయి. ఆ తేడా పొలంలో కంటికి ఆనదు. రెండో జతలో వందకు 2 పోయేచోట ఒకటే పోతుంది. నష్టం సగానికి సగం తగ్గినట్టు. శాంపిల్ తీసి చూసినా అంతే. ఒకే సంఖ్యలో గింజలు పోసి చూస్తే 98ని 99 నుంచి విడదీసి గుర్తుపట్టడం తేలిక, 50ని 51 నుంచి విడదీయడం కష్టం. రావు గారి కొలత ప్రకారం రెండో జత మధ్య దూరం మొదటి జత మధ్య దూరానికి నాలుగు రెట్ల పైచిలుకు. మామూలు స్కేలు మీద సమానంగా కనబడేవి ఆయన స్కేలు మీద సమానం కావు. సంభావ్యతల లోకపు నేల చదునుగా లేదు, వంపు తిరిగి ఉంది. ఆ వంపు మీదే నడిచి కొలవాలి. ఒక శాంపిల్ ఎంత సమాచారం ఇస్తుందో చెప్పే ఫిషర్ ఇన్ఫర్మేషన్ అనే రాశిని ఆయన అందుకు కొలబద్దగా చేశారు.

ఆయనకు ఆ చూపు గాలిలోంచి రాలేదు. గురువు మహలనోబిస్ 1936లోనే మనుషుల గుంపుల మధ్య దూరానికి ఒక కొలత కట్టారు. పొడుగు మనిషికి చేతులూ పొడుగే కాబట్టి, ఎత్తునీ చేతి పొడుగునీ విడివిడి తేడాలుగా కూడితే ఒకే తేడాని రెండుసార్లు లెక్కేసినట్టవుతుంది. అలా కాకుండా చూసే కొలత అది. ఇప్పటి ఉత్తరప్రదేశ్ ప్రాంతంలో 1941లో చేసిన శరీర కొలతల సర్వే మీద మహలనోబిస్, మజుందార్, రావు కలిసి రాసిన పెద్ద నివేదిక 1949లో 'సాంఖ్య' పత్రికలో వచ్చింది. మనుషుల ముక్కులూ తలలూ కొలిచి కులాలను దూరాల్లో పెట్టే ఆ శాస్త్రానికి వలస పాలనలో చెడ్డ వాడకాలు ఉండేవి. ఆ మాట ఇక్కడ దాటేస్తే నాకు నిద్ర పట్టదు. దూరం ఒక సంఖ్యగా మారాక అది ఎవరి చేతిలో పడుతుందో కొలిచినవాడు కూడా పట్టించుకోవాలి.

ఇక బొమ్మల దగ్గరికి వస్తాను.

మా మేనమామ రైల్వే కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలర్. కంప్యూటర్లు రాకముందటి మాట. బల్ల మీద పెద్ద చార్టు పరిచి ఉండేది. ఎడమ అంచున పైనుంచి కిందికి స్టేషన్ల పేర్లు, వాటి మధ్య ఎడం కిలోమీటర్ల ప్రకారం. అడ్డంగా గంటలు, నిమిషాలు. స్టేషన్ మాస్టరు ఫోనులో బండి ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు వదిలాడో చెప్పగానే ఆయన చుక్క పెట్టి, స్కేలు ఆనించి, వెనకటి చుక్కతో కలిపేవారు. ఎక్స్‌ప్రెస్‌కొక రంగు పెన్సిలు, ప్యాసింజరుకొకటి, గూడ్సుకొకటి. గీత నిటారుగా లేస్తే బండి పరుగు మీద ఉన్నట్టు. వాలితే నెమ్మదించినట్టు. పూర్తిగా అడ్డంగా సాగితే లూప్ లైన్లో పడుకున్నట్టు. గుంటూరు–గుంతకల్లు దారి తీసుకోండి. నరసరావుపేట, వినుకొండ, కంభం, గిద్దలూరు మీదుగా వెళ్ళి నల్లమల దాటి నంద్యాల చేరుతుంది. ఒంటి లైను ఉన్న రోజుల్లో ఎదురెదురు బళ్ళ గీతలు ఏదో ఒక స్టేషన్ గీత మీదే ఒకదాన్నొకటి దాటాలి. రెండు స్టేషన్ల నడుమ ఖాళీలో దాటాయంటే ఢీకొన్నట్టే. అందుకే కంట్రోలర్లు జరిగినదాన్ని గీయడంతో ఆగరు. జరగబోయేదాన్ని పెన్సిలుతో తేలిగ్గా ముందే గీసి చూసుకుంటారు. ఏ గూడ్సుని ఎక్కడ ఆపాలో ఆ గీతే చెబుతుంది. ఇప్పుడా పని తెర మీద జరుగుతోంది. బొమ్మ మాత్రం అదే.

ఈ పద్ధతిని పండితలోకానికి చూపించినవాడు ఎతియెన్ జూల్ మారే. ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త. 1878లో వచ్చిన ఆయన 'లా మెథడ్ గ్రాఫిక్' పుస్తకంలో పారిస్–లియాన్ మధ్య రైళ్ళ చార్టు ఉంది. అది ఇబ్రీ అనే ఇంజనీరు పద్ధతి అని మారే చెప్పాడు. నన్ను ఇంకా ఎక్కువగా పట్టుకున్నవి మారే తీసిన ఫొటోలు. మనిషి నడకని ఒకే పలక మీద వరుసగా ఫొటోలు తీస్తే ఒంటి మీద ఒళ్ళు పడి అంతా అలుక్కుపోయేది. మారే ఏం చేశాడో చూడండి. మనిషికి తల నుంచి పాదం దాకా నల్ల దుస్తులు తొడిగి, చేతుల వెంట, కాళ్ళ వెంట తెల్ల పట్టీలు కుట్టించి, నల్ల గోడ ముందు నడిపించాడు. పలక మీద మనిషి మాయమయ్యాడు. పట్టీలు మాత్రం మిగిలాయి. మోకాలు ఎక్కడ వంగింది, మడమ ఎప్పుడు లేచింది, తుంటి ఎంత ఊగింది అన్నీ ఒక విసనకర్ర మడతల్లా తెరుచుకున్నాయి. ఇవాళ సినిమా స్టూడియోల్లో నటుల ఒంటికి చుక్కలు అంటించి కదలికలు పట్టే పని ఈ నల్ల దుస్తుల నుంచే మొదలైంది. కదలిక కనబడాలంటే మనిషి కొంత మరుగున పడాలి. ఎంత మరుగు అన్నది చిత్రకారుడి నిర్ణయం. దాన్ని యంత్రం మీద వదిలేయకూడదని నా గట్టి నమ్మకం.

షార్ల్ జోసెఫ్ మినార్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. వంతెనల, రోడ్ల ఇంజనీరు. నెపోలియన్ రష్యా దండయాత్ర మీద 1869లో, 88 ఏళ్ళ వయసులో గీసిన పటంతో ఆయనకు పేరు నిలిచింది. నీమన్ నది దగ్గర 4,22,000 మందితో మొదలైన వెడల్పాటి పట్టీ మాస్కో చేరేసరికి 1,00,000కు చిక్కిపోతుంది. వెనక్కి వచ్చే నల్ల పట్టీ చివరికి 10,000 దగ్గర నూలుపోగంత అవుతుంది. 10,000 మందికి ఒక మిల్లీమీటరు. బెరెజీనా నది ఇవతల 50,000, అవతల 28,000. ఆ ఒక్క చోట పట్టీ ఎలా తెగిపడిందో చూసినవాళ్ళకి యుద్ధం గురించి వేరే పాఠం అక్కర్లేదు.

అయితే మనకు సంబంధించిన మినార్ పటం వేరే ఉంది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. 1858, 1864, 1865 సంవత్సరాల్లో ఐరోపాకు వచ్చిన పత్తి ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో పక్కపక్కన చూపిస్తూ 1866లో ఆయన అచ్చువేసినది. 1858లో అట్లాంటిక్ మీదుగా వచ్చే అమెరికా పట్టీ సముద్రాన్ని నింపేస్తుంది. అక్కడ అంతర్యుద్ధం మొదలై రేవులు మూతబడ్డాక, 1864 నాటి బొమ్మలో ఆ పట్టీ దాదాపు కరిగిపోయి, భారతదేశం నుంచి ఆఫ్రికా చుట్టి వచ్చే పట్టీ ఉబ్బుతుంది. ఆ ఉబ్బిన పట్టీలో 1853లో నిజాం చేతి నుంచి ఇంగ్లీషువాళ్ళ పాలన కిందికి పోయిన బీరారు పత్తి కూడా ఉంది. మినార్ ఇక్కడ నిస్సంకోచంగా ఒక పని చేశాడు. పట్టీలు పట్టడానికి వీలుగా ఇరుకు జలసంధులను సాగదీశాడు, తీరాలను ఒంచాడు. నేల దూరం ఆయనకు ముఖ్యం కాదు, సరుకు పరిమాణం ముఖ్యం. ఆ ఎంపిక వల్లే బొమ్మ నిలబడింది. కానీ అదే ఎంపిక వల్ల ఒకటి కనబడకుండా పోయింది. 1865లో యుద్ధం ఆగి పత్తి ధర కూలినప్పుడు, ధర బాగుందని తిండిగింజలు మాని పత్తి వేసిన రైతు ఏమయ్యాడు? పట్టీకి వెడల్పు ఉంది, అప్పుకి లేదు. మినార్‌ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. అప్పును చూపే ఆ రెండో పటం ఇంకా ఎవరో గీయాల్సి ఉంది.

లండన్ భూగర్భ రైలు పటం కథ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. విద్యుత్ సర్క్యూట్లు గీసిన చేయి ఉన్న డ్రాఫ్ట్స్‌మన్ హ్యారీ బెక్ మైళ్ళను పక్కనపెట్టి, గీతలను అడ్డంగా, నిలువుగా, 45 డిగ్రీల ఏటవాలుగా మాత్రమే పెట్టి, స్టేషన్లను సమాన ఎడంలో పేర్చాడు. 1933లో అది జేబు పటంగా వచ్చింది. మన హైదరాబాదు మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా తలుపు మీద కనబడే గీత ఆ వంశంలోదే. లండన్ పటం మీద ఒక పరిశోధన మాత్రం ప్రస్తావించి తీరాలి. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో జాన్ గువో 2011లో తేల్చిందేమిటంటే, లండన్ ప్రయాణికులు దారి ఎంచుకునేటప్పుడు నిజంగా పట్టే సమయం కంటే పటంలో కనబడే పొడవుకే ఎక్కువ లొంగుతున్నారు. బొమ్మ గీసినవాడు లక్షల కాళ్ళను మళ్ళిస్తున్నాడన్నమాట.

మనుషుల మధ్య దూరాన్ని ఇష్టాయిష్టాలతో కొలిచినవాడు జేకబ్ మొరెనో. 1932లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ బాలికల శిక్షణాలయం నుంచి రెండు వారాల్లో 14 మంది పిల్లలు పారిపోయారు. ఎవరికి ఎవరంటే ఇష్టమో, ఎవరంటే పడదో అడిగి, పిల్లలను చుక్కలుగా, ఇష్టాలను గీతలుగా వేస్తే, పారిపోవాలన్న ఆలోచన ఏ దారిన పాకిందో కనబడింది. ఒకరినొకరు ఎరగని పిల్లలు కూడా గీతల గొలుసులో ఉన్నారు. ఇవాళ ఫేస్‌బుక్ దగ్గర ఉన్నది ఆ బొమ్మే, కోట్ల చుక్కలతో. కాకపోతే మొరెనో ఆ పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాడు.

ఇక మార్క్ లొంబార్డి. ఈయన మీద ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే ఈయన శాస్త్రవేత్త కాదు, పూర్తిగా చిత్రకారుడు. 1951లో పుట్టి 2000లో చనిపోయిన అమెరికన్. బ్యాంకుల కుంభకోణాల గురించి పత్రికల్లో, పుస్తకాల్లో అచ్చయిన సంగతులను చిన్న చిన్న ఇండెక్స్ కార్డుల మీద చేత్తో రాసుకునేవాడు. అలా పోగైన కార్డులు సుమారు 14,000. రహస్య పత్రాల జోలికి వెళ్ళలేదు, అన్నీ బహిరంగంగా ఉన్నవే. వాటిలోంచి పెన్సిలుతో పెద్ద కాగితాల మీద వలలు గీశాడు. మనిషికీ సంస్థకీ ఒక్కో చిన్న వృత్తం. వాటిని కలుపుతూ ధనుస్సులా వంగిన గీతలు. బాణం ఎటు ఉంటే డబ్బో పలుకుబడో అటు పోయినట్టు. కోర్టు తీర్పులు, దివాళాలు ఎర్ర సిరాలో. దూరం నుంచి చూస్తే ఏదో ఖగోళ పటంలా అందంగా ఉంటుంది. దగ్గరికి వెళితే పేర్లు కనబడతాయి. 1991లో మూతబడ్డ బి.సి.సి.ఐ. బ్యాంకు మీద ఆయన గీసిన బొమ్మ న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో ఉంది. 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగిన కొద్ది వారాలకు ఎఫ్‌బీఐ మనిషి ఒకరు ఆ బొమ్మ చూడాలని మ్యూజియాన్ని అడిగారు.

లొంబార్డి బొమ్మలో మైళ్ళు లేవు. లండన్, కరాచీ, అబుదాబి పక్కపక్కనే ఉంటాయి. ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య ఎన్ని సంతకాలు ఉన్నాయన్నదే అక్కడ దూరం. ఈ పనిని ఇవాళ సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే క్షణంలో పదివేల చుక్కలు, లక్ష గీతలు వస్తాయి. కానీ అది పీచు ఉండలా వస్తుంది, చూపు ఎక్కడా నిలవదు. లొంబార్డి ఒక్కో బొమ్మను ఎన్నో సార్లు తిరగగీసేవాడు. విట్నీలో ఉన్నది నాలుగో పాఠం. ఏ గీతను ఉంచాలో, ఏది అనుమానం మాత్రమే కాబట్టి తీసేయాలో తేల్చుకోవడానికి ఆ తిరగరాత. ఆరోపణకీ రుజువుకీ మధ్య ఉన్న తేడాని ఆయన పెన్సిలు గౌరవించింది. టీవీ తెరల మీద నిమిషానికొక కుట్ర వల అల్లుతున్న ఈ రోజుల్లో ఆ గౌరవం నాకు చాలా విలువైనదిగా కనబడుతుంది.

రావు గారి చూపుకి అన్నిటికన్నా దగ్గరగా వచ్చిన బొమ్మ 2013 డిసెంబరులో 'సైన్స్' పత్రికలో వచ్చింది. డిర్క్ బ్రోక్‌మన్, డిర్క్ హెల్బింగ్ ఇద్దరూ రాసిన వ్యాసం. పూర్వం ప్లేగు లాంటి జబ్బు నేల మీద అలలా, రోజుకు కొన్ని కిలోమీటర్ల చొప్పున పాకేది. 2003లో సార్స్, 2009లో హెచ్1ఎన్1 అలా పాకలేదు. ఇవాళ ఇక్కడ, రేపు సముద్రాల అవతల. పటం మీద ఏ వరసా కనబడదు. బ్రోక్‌మన్, హెల్బింగ్ దూరాన్ని మార్చారు. ఒక ఊరి నుంచి బయల్దేరిన ప్రయాణికుల్లో ఎంత వంతు ఇంకో ఊరికి వెళుతున్నారో ఆ వంతు ఎక్కువైతే దూరం తక్కువ. దారి పొడుగునా సంభావ్యతలు హెచ్చవేసుకుంటూ పోతాయి, దూరాలు కూడుకుంటూ పోతాయి కాబట్టి, హెచ్చవేతను కూడికగా మార్చే లాగరిథం పెట్టారు. ఆ దూరాలతో, జబ్బు పుట్టిన చోటుని నడిమధ్య పెట్టి ప్రపంచాన్ని తిరిగి గీస్తే, చిందరవందరగా కనబడ్డ సార్స్ చెరువులో రాయి వేసినప్పటి వలయాల్లా తేలింది. శంషాబాదు విమానాశ్రయం లెక్కలో దుబాయి పక్క వీధి, నల్లమల చెంచుపెంట ఖండాంతరం. 1945లో రావు గారు వేసిన అడుగు కూడా ఈ తీరుదే: లోకం గజిబిజిగా కనబడితే, ముందు మన కొలబద్దని అనుమానించాలి.

ఇంతవరకు చెప్పినవన్నీ లెక్కకు దొరికిన కదలికలు. ఆరన్ కోబ్లిన్ అనే కళాకారుడు 2005లో అమెరికా విమానాల రాకపోకల సమాచారంతో ఒక చలనచిత్రం చేశాడు. నల్ల తెర, విమానాల దారులు, అంతే. తీరమూ సరిహద్దూ గీయలేదు. అయినా తెల్లవారే కొద్దీ దేశం ఆకారం దానంతటదే వెలుగుతూ లేస్తుంది. చూస్తుంటే ఒళ్ళు పులకరిస్తుంది. ఆ వెంటనే నాకు మేడ్చల్ రోడ్డు గుర్తొస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాదు నుంచి ఉత్తరాదికి పిల్లల్ని చంకనేసుకుని నడిచినవాళ్ళు ఆ దారినే పోయారు. వలస కార్మికుల కోసం వేసిన శ్రామిక్ రైలు ఎక్కినవాళ్ళకు లెక్క ఉంది. నడిచినవాళ్ళకు టికెట్టు లేదు, కాబట్టి గీత లేదు. దారిలో చనిపోయిన వలస కార్మికుల వివరాలు తమ దగ్గర లేవని కేంద్ర ప్రభుత్వం ఆ సెప్టెంబరులో పార్లమెంటులోనే చెప్పింది. తెర నల్లగా ఉన్న చోట ఎవరూ లేరని అనుకోవడం ఈ కళలో మహా పాపం.

మన కోస్తావాళ్ళు ఏటా చూసే కదలిక బొమ్మ ఇంకొకటి ఉంది, తుఫాను శంకువు. వాతావరణ శాఖ బులెటిన్‌లో బంగాళాఖాతం మీద మొదలై తీరం వైపు వెడల్పవుతూ వచ్చే ఆకారం. వెనకటి అంచనాలు సగటున ఎంత తప్పాయో చూసి, రాబోయే ఒక్కో సమయానికి ఒక్కో వృత్తం గీసి, వాటిని కలిపితే వచ్చేది అది. తుఫాను కేంద్రం దాని లోపల ఉండే అవకాశం ఎక్కువ అని దాని అర్థం. చాలామంది శంకువు వెడల్పైతే తుఫాను పెద్దదైందని చదువుకుంటారు. శంకువు బయట ఉన్నాం కాబట్టి భయం లేదనుకుంటారు. గాలీ ఉప్పెనా కేంద్రానికి చాలా దూరంలో కూడా కొట్టగలవు. రావు గారు 1987లో ఇచ్చిన రామానుజన్ స్మారకోపన్యాసాలు 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' పుస్తకంగా వచ్చాయి. మనకు తెలిసినదాంట్లో అనిశ్చితి ఉన్నా, అది ఎంతో తెలిస్తే ఆ జ్ఞానం వాడుకకు పనికొస్తుందని ఆయన అందులో నేర్పారు. శంకువు సరిగ్గా ఆ పాఠానికి బొమ్మ. కానీ కళింగపట్నం బెస్తవాడికి అది అర్థమయ్యే తీరులో గీయడం ఇంకా మిగిలే ఉంది. లెక్క తెలిసినవాళ్ళూ బొమ్మ తెలిసినవాళ్ళూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే తప్ప తెమలని పని అది.

విద్యార్థులకు ఒక పని అప్పగించి ముగిస్తాను. ఫ్రాన్సిస్ గాల్టన్ 1881లో లండన్ నుంచి ప్రపంచంలో ఎక్కడికి ఎన్ని రోజులు పడుతుందో పది రోజులకొక రంగు చొప్పున పటం వేశాడు. మీరు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక మండలం తీసుకోండి. నొప్పులు మొదలైన గర్భిణిని కాన్పు చేయగల ఆస్పత్రికి చేర్చడానికి ఒక్కో గూడెం నుంచి ఎన్ని నిమిషాలు పడుతుందో అదే దూరంగా పెట్టుకుని పటాన్ని తిరిగి గీయండి. అంబులెన్సు ఎంతదాకా వస్తుందో రోడ్ల శాఖ కాగితాల్లో చూడకండి, డోలీ మోసినవాళ్ళను అడగండి. మొరెనోలా ఎదురుగా కూర్చుని అడగండి. ఎక్కడ భుజం మార్చుకుంటారు, ఎక్కడ దించి ఆగుతారు, ఎక్కడ ఫోను సిగ్నలు దొరుకుతుంది, అన్నీ గీతలోకి రావాలి. ఒకరు రెండు గంటలని, ఇంకొకరు నాలుగని చెబితే సగటు వేసి దాచకండి, రెండూ చూపించండి. ఎండాకాలానికి ఒక షీటు, వానాకాలానికి ఇంకో షీటు వేయండి. గెడ్డ పొంగినప్పుడు ఏ గూడేలకు దూరం లెక్కకే అందకుండా పోతుందో ఆ రెండో షీటులో పేర్లతో సహా రాసి, మొదటి ప్రతి ఆ గూడేల పంచాయతీకి, రెండోది జిల్లా కలెక్టరుకి ఇచ్చి రండి.